గ్లస్టర్ ఎఫ్ఎస్ రెండేండ్ల వాడకం: ఆ 42 సెకండ్ల పంచాయితీ

గ్లస్టర్ ఎఫ్ఎస్ అంటే కొన్ని సర్వర్ల డిస్కులను కలిపి ఒకటే స్టోరేజీ లెక్క చూపే సాఫ్ట్‌వేర్. మాది నల్లగొండల మూడు సర్వర్లు, ఒక గిగాబిట్ స్విచ్. రెండు ఫుల్ కాపీలు, మూడోది ఆర్బిటర్ (దాంట్ల డేటా ఉండదు, ఫైళ్ల వివరాలే ఉంచుకొని ఏ కాపీ సరైందో తేల్చేది). ఇన్‌స్టాలేషన్ సంగతి అందరికీ తెలిసిందే, వదిలేస్తున్న.

కొత్తల ఒక సర్వర్‌ను షట్‌డౌన్ చేసి చూస్తే క్లయింట్‌ల (ఆ స్టోరేజీని వాడే మెషీన్) నడుస్తున్న ఫైల్ కాపీ ఆగనే లేదు. "ఒకటి పోయినా తెల్వదు" అని మస్తు మెచ్చుకున్న. అది సగమే నిజం. పద్ధతిగా బంద్ చేస్తే బ్రిక్ ప్రాసెస్ (సర్వర్‌ల డేటా ఉండే బ్రిక్ అనే డైరెక్టరీని నడిపేది) టీసీపీ కనెక్షన్ మూసిపోతది, క్లయింట్‌కు వెంటనే తెలుస్తది. ఎండకాలం యూపీఎస్ బ్యాటరీ చేతులెత్తేసి కరెంటు టక్కున పోతే చెప్పిపోయేటోడు ఎవడు? క్లయింట్ 42 సెకండ్లు ఎదురుచూస్తది. అప్పటిదాక ఫైళ్ల లిస్టు చూపే ఎల్ఎస్ కమాండ్ కొట్టినా కదలదు, రాతలన్నీ ఆడనే బిగుసుకపోతయి. 43వ సెకండుకు ఏం జరగనట్టే మళ్ల నడుస్తది. లాగ్‌ల మాత్రం 42 సెకండ్ల నుంచి జవాబు లేదు, తెంపుతున్న అని ఒక్క లైన్ ఉంటది.

అందుకే షట్‌డౌన్‌తో టెస్ట్ చేస్తే లాభం లేదు, ప్లగ్గే పీకాలె. క్లయింట్‌ల సెకండుకోసారి టైము ఒక ఫైల్‌ల రాసే చిన్న లూప్ పెట్టి పీకుండ్రి. టైముల నడుమ వచ్చిన సందే మీ అసలు లెక్క.

ఈ ఎదురుచూపు గడువు పేరు పింగ్ టైమౌట్, దాన్ని 42 నుంచి 10కి దించినంక పరేషాన్ తగ్గింది. 5కి దించితే ఇంకో తలనొప్పి: హీలింగ్ (వెనకబడ్డ కాపీని సరిచేసుడు) జోరుగ నడిచేటప్పుడు బతికున్న సర్వర్‌ను కూడా చచ్చిందనుకొని తెంపేస్తది. తెగితే లాక్‌లు, తెరిచిన ఫైళ్లు అన్నీ మళ్ల మొదటి నుంచి పట్టుకోవాలె. డిఫాల్ట్ అంత పెద్దగ పెట్టింది అందుకే. రీబూట్‌ల కూడా ఒక మెలిక ఉన్నది. గ్లస్టర్‌డీ అనే మేనేజ్‌మెంట్ సర్వీసు ఆపితే బ్రిక్ ప్రాసెస్‌లు ఆగవు. అవి ఆగకముందే నెట్‌వర్క్ పోతే అదే ఎదురుచూపు. స్టాప్ ఆల్ గ్లస్టర్ ప్రాసెసెస్ అనే స్క్రిప్ట్ ప్యాకేజీతోనే వస్తది, ముందు అది నడపాలె.

ఇగ స్పీడ్. రెండు కాపీలూ క్లయింటే పంపాలె కాబట్టి గిగాబిట్ సగమైతది, రాత సెకండుకు 55 ఎంబీ దాటలే. డీడీ అనే కాపీ కమాండ్‌ల 400 కనబడిందని సంబురపడకుండ్రి, అది ర్యామ్ స్పీడ్. 16 జీబీ ర్యామ్ ఉంటే 32 జీబీ ఫైల్ రాసి, ఎఫ్‌సింక్ (డేటా డిస్కుకు చేరేదాక ఆగుడు) పెట్టి కొలవాలె. వేల చిన్న ఫైళ్లున్న టార్ విప్పితే మాత్రం చాయ్ తాగి రావొచ్చు.

రెడ్ హ్యాట్ తన గ్లస్టర్ ప్రొడక్టుకు సపోర్ట్ 2024 డిసెంబర్ 31తో ఆపేసింది, కొత్తగ పెట్టేటోళ్లు అది లెక్కల పెట్టుకోవాలె. మాది పెద్ద ఫైళ్లు, పది మంది వాడకం, 10 సెకండ్లు ఆగినా తిట్టేటోళ్లు లేరు. పైగా షార్డింగ్ (ఫైల్‌ను ముక్కలు చేసి దాచుడు) పెట్టలేదు. గ్లస్టర్ మొత్తం కూలినా ఫుల్ కాపీలున్న బ్రిక్‌ల ఫైళ్లు మామూలు ఎక్స్ఎఫ్ఎస్ (లినక్స్ ఫైల్ సిస్టమ్) ఫైళ్లే, కాపీ కొట్టుకోవచ్చు. డేటాబేస్ నడిపేటోళ్లకైతే చెప్ప.