శనివారం పిల్లల సంఘం: పంపవచ్చా?

ఇజ్రాయెల్‌లో నేను చూసుకునే పెద్దావిడ మనవరాలు ఏడో తరగతి. సబ్బాతు, అంటే యూదుల విశ్రాంతి దినమైన శనివారం, మధ్యాహ్నం యూదు యువజన సంఘం శాఖకు వెళ్తుంది. నడిపించి తీసుకెళ్లేది నేనే. ఇలాంటి సంఘాలు ఇక్కడ పాతవే, బ్నెయ్ అకివా అనే మతపరమైన యువజన సంఘం 1929లో పుట్టింది.

నాకు నచ్చినదేమిటంటే, అక్కడ టీచర్లు లేరు. పదకొండో తరగతి అమ్మాయే వీళ్లకు మద్రిఖా, అంటే నాయకురాలు. సబ్బాతు నాడు రాయకూడదు, ఫోను ముట్టకూడదు. కాబట్టి చదువంతా ఆట, పాట, కథ, వాదులాట. పరీక్షలో స్నేహితురాలు కాపీ కొడితే చెప్పాలా వద్దా అని ఒకసారి గొంతులు పోయేలా వాదించుకున్నారు. నాయకురాలు ఒక్క తీర్పూ చెప్పలేదు! ఆ ఓపిక నేను ఏ ట్యూషన్‌లోనూ చూడలేదు.

యూదుల పంచాంగంలో హెష్వాన్ నెల (సుమారు అక్టోబరు-నవంబరు) సంఘానికి వేడుకల నెల. అది వచ్చిందంటే మాత్రం పిల్లలు ఇంటికి దక్కరు. గోడలకు రంగులు, నాటకం, నృత్యాలు. చివరి సబ్బాతుకు తొమ్మిదో తరగతివాళ్ల బృందానికి కొత్త పేరు పెడతారు. సందడి బాగుంటుంది. కానీ మా శాఖలో ముగింపు వేళ ఎవరూ సరిగ్గా చెప్పరు, గేటు దగ్గర దీపం కూడా ఉండదు.

బిడియపడే ఆడపిల్లలుంటే తప్పక పంపండి. ఆ నెలలో హోంవర్కు ముందే చేయించుకోండి.