వ్యాన్ పైకప్పు మీద కయాక్: చెన్నై నుంచి ముట్టుకాడు, పులికాట్

క్యాంపర్ వ్యాన్ మీద కయాక్ (తెడ్డుతో నడిపే సన్నని చిన్న పడవ) కట్టుకొని చెన్నై నుంచి బయలుదేరేవారు, ఏ నీటికి వెళ్లాలో ఆలోచించడానికి ముందే, రాత్రి బస చేసే చోట గేటు ఎత్తు ఎంతో ఫోన్ చేసి కనుక్కోవడం మంచిది. మా ట్రావెలర్ వ్యాను, దాని మీది క్యారియరు, ఆ పైన బోర్లించిన కయాకు కలిపి కొలిస్తే మూడు మీటర్లు దాటింది. మహాబలిపురంలో మేము గది తీసుకున్న బసలో భోజనం, శుభ్రత రెండూ మెచ్చుకోదగినవే గాని, ప్రవేశద్వారం కమాను కింద నుంచి వ్యాను లోపలికి పోయే వీలు లేక, కయాక్‌ను వీధిలోనే దించి మోసుకుపోవలసి వచ్చింది. పులికాట్ దారిలో దిగిన లాడ్జి గదులు ఇరుకైనవి, వేడినీళ్లు బకెట్‌తో తెచ్చి ఇచ్చారు, అయినా ఆవరణ విశాలంగా ఉండి పైన కొమ్మలు గాని తీగలు గాని అడ్డు లేకపోవడంతో, మళ్లీ వెళితే అక్కడే దిగుతాను.

క్యారియర్‌ను చెన్నైలో బండ్ల విడిభాగాల బజారైన పుదుప్పేటలో చేయించాము. కార్లకు అమ్మే రెడీమేడ్ క్యారియర్లకంటే, వ్యాను పైకప్పు అంచున వర్షపు నీరు పోయే గాడికి సరిపోయేలా కొలిచి వెల్డింగ్ చేసిన ఇనుప గొట్టాలే గట్టిగా కూర్చున్నాయి. వెనుక అంచున అడ్డంగా ఒక గొట్టం తిరిగేలా పెట్టించడం మా బావగారి ఆలోచన. కయాక్ ముందు కొనను దానిమీద ఆనించి వెనుక నుంచి తోస్తే, సుమారు పాతిక కిలోల ప్లాస్టిక్ పడవ ఇద్దరి చేతుల మీదుగా సులువుగా పైకి జారుతుంది.

కట్టడంలోనే అసలు పని ఉంది. లారీలకు వాడే, మీట ఆడించి బిగించే రాచెట్ బెల్టుతో బిగిస్తే ఎంత బిగిసిందో చేతికి తెలియదు. పైగా చెన్నై ఎండలో మెత్తబడిన పాలిథిలిన్ అడుగుభాగం బెల్టు కింద లోపలికి నొక్కుకుపోతుంది. చేత్తో లాగి బిగించే బకిల్ పట్టీలు రెండు, ముందు కొన నుంచీ వెనుక కొన నుంచీ బంపర్‌కు ఒక్కో తాడు ఉంటే చాలు. పట్టీ నైలాన్‌దైతే తడిసినప్పుడు సాగుతుంది కాబట్టి పాలియెస్టర్‌దే తీసుకోవాలి. ఈసీఆర్ (చెన్నై నుంచి తీరం వెంట పోయే ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీద వేగం పెంచగానే పైనుంచి తుమ్మెద రొద లాంటి మోత మొదలైంది. బండి ఆపి, గాలికి ఆనే చోట పట్టీకి ఒక్క మెలిక వేయగానే ఆగిపోయింది. కయాక్ వ్యాను కొలతలను మించి ముందుకో వెనక్కో పొడుచుకొని రాకుండా చూసుకోవాలి. 2019 సవరణ తరువాత మోటారు వాహనాల చట్టం ప్రకారం, సరుకు అనుమతించిన హద్దు దాటితే జరిమానా 20,000 రూపాయలు.

ఇక నీటి సంగతి. సముద్రానికి ఆనుకొని ఉన్న ముట్టుకాడు బ్యాక్‌వాటర్ నగరానికి దగ్గర. 1984 నుంచి పర్యాటక శాఖ పడవల కేంద్రం అక్కడ నడుస్తున్నది. కొత్తగా తెడ్డు పట్టినవారికి ఆ నిలకడ నీరు అనువైనది. అయితే సెలవు రోజుల్లో మరబోట్లు లేపే అలలకు నేర్చుకునేవారికి ఊపిరి సలపదు, వ్యాను నిలపడానికి చోటూ దొరకదు. అక్కడికి పనిదినాన, తెల్లవారుజామునే వెళ్లాలి.

పులికాట్ విషయం వేరు. సరస్సులో ఎక్కువ భాగం ఆంధ్రప్రదేశ్‌లో, కొంత తమిళనాడులో ఉంది. లోతు చాలాచోట్ల మనిషి ఎత్తు కూడా ఉండదు కాబట్టి, అడుగు తక్కువ మునిగే కయాక్‌కు అంతకన్నా మంచి నీరు చెన్నై చుట్టుపక్కల నేను చూడలేదు. అయితే అందులో పక్షుల అభయారణ్యం ఉన్నందున అనుమతి లేకుండా ప్రవేశించరాదు; మేము ముందుగా అటవీశాఖ కార్యాలయంలో అడిగి, వారు చూపిన హద్దులోనే కయాక్ దించాము. ఒడ్డున వల సర్దుకుంటున్న మత్స్యకారుడు మా మాట విని తెలుగులోనే, “పన్నెండు లోపలే వచ్చేయండన్నా, ఆపైన సముద్రం గాలి లేస్తాది” అన్నాడు. నీళ్లలో పాతిన వల గుంజల మధ్య నుంచి ఎటు పోవాలో కూడా అతనే చేత్తో చూపించాడు. డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు.

చిదంబరం దగ్గరి పిచ్చావరం మడ అడవులకు వెళ్లేవారు మాత్రం కయాక్‌ను ఇంట్లోనే వదిలి వెళ్లవచ్చు. మరబోట్లు పోలేని సన్నని మడ కాలువల్లోకి కూడా అక్కడి తెడ్డు పడవలు తీసుకువెళతాయి. దారి తెలిసిన పడవవాడు తోడుంటాడు. అంత దూరం పైకప్పు మీది బరువును ఎదురుగాలిలో లాక్కుపోయే డీజిలు ఖర్చూ మిగులుతుంది.