సికిల్ సెల్ వాళ్లకు ఈ వార్డు గురించి చెప్పాలి

మా చెల్లికి చిన్నప్పటి నుంచీ సికిల్ సెల్, అంటే ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారిపోయే, పుట్టుకతో వచ్చే జబ్బు. మాది ఆదిలాబాద్ వైపు. మొన్నామధ్య జ్వరం, నొప్పులు వస్తే దగ్గర్లోని ఒక ఆసుపత్రిలో రెండు యూనిట్ల రక్తం ఎక్కించారు, బాగానే ఇంటికొచ్చింది. తొమ్మిదో రోజు మూత్రం డికాషన్ రంగులో వచ్చింది, కళ్లు పచ్చబడ్డాయి, నడుం నొప్పితో మెలికలు తిరిగిపోయింది. మళ్లీ అక్కడికే తీసుకెళ్తే ఎప్పుడూ వచ్చే నొప్పులే అన్నారు, హిమోగ్లోబిన్ 5.8 ఉందని ఇంకో యూనిట్ ఎక్కించారు. మర్నాడు చూస్తే 4.6! ఎక్కించిన కొద్దీ తగ్గుతుంటే ఇంట్లో ఎంత టెన్షన్ పడ్డామో.

రాత్రికి రాత్రే హైదరాబాద్ తెచ్చి ఈ వార్డులో చేర్చాం. డ్యూటీ డాక్టర్ గారు అడిగిన మొదటి మాట, "ఈ నెల రోజుల్లో రక్తం ఎక్కించారా?" అని. ఎక్కించిన రక్తం మీద ఒంట్లో యాంటీబాడీలు పుట్టి ఆ కణాలను పగలగొడతాయనీ, కొందరిలో సొంత కణాలు కూడా వాటితోపాటే పోతాయనీ, అందుకే ఎక్కించక ముందుకన్నా కిందికి పడిపోతుందనీ మా అమ్మకు అర్థమయ్యేలా చెప్పారు. కూంబ్స్ టెస్ట్ (ఎర్రకణాలకు అంటుకున్న యాంటీబాడీలను పట్టే పరీక్ష) నెగెటివ్ వచ్చినా వదల్లేదు, ఎలక్ట్రోఫోరెసిస్ (హిమోగ్లోబిన్ రకాలను వేరుచేసి చూసే పరీక్ష) చేయిస్తే ఎక్కించిన రక్తం దాదాపు ఏమీ మిగల్లేదని తేలింది. ప్రాణం మీదికి వస్తే తప్ప ఇక రక్తం ఎక్కించం అన్నప్పుడు మాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. కణాలు పగలడం ఆగడానికి ఇమ్యునోగ్లోబులిన్, స్టిరాయిడ్, కొత్త ఎర్రకణాలు పుట్టడానికి ఎరిత్రోపోయిటిన్ ఇచ్చారు, పరీక్షలకు కూడా చిన్నపిల్లల ట్యూబుల్లోనే కొంచెం కొంచెం రక్తం తీశారు. ఐదో రోజు నుంచి మెల్లగా పెరిగింది.

వారం తర్వాత మళ్లీ పరీక్షిస్తే యాంటీ-ఈ (anti-E, కొందరి ఎర్రకణాల మీద ఉండే E అనే గుర్తుపై పుట్టే యాంటీబాడీ) బయటపడింది, అది రాసి ఒక కార్డు ఇచ్చారు. కొన్నాళ్లకు ఆ యాంటీబాడీ పరీక్షలో కనపడకపోవచ్చట, అప్పుడు కార్డు లేకపోతే అదే రకం రక్తం మళ్లీ ఎక్కించే ప్రమాదం ఉంది. గ్రూపు, ఆర్‌హెచ్ పాజిటివో నెగెటివో చూస్తే చాలదు, ఎర్రకణాల మీద ఉండే సీ (C), ఈ (E), కెల్ (Kell) అనే గుర్తులు కూడా కలవాలి.

ఇమ్యునోగ్లోబులిన్ బయటే కొనాల్సి వచ్చింది, చాలా ఖరీదు. తోడుగా ఉన్నవాళ్లకు పడుకోను చోటు లేదు. కలిసే రక్తం వెతకడానికి ఇక్కడి బ్లడ్ బ్యాంకుకు రెండు రోజులు పడుతోంది కాబట్టి ముందే ఫోన్ చేసి, పాత రిపోర్టులన్నీ పట్టుకుని రండి.