‘స్పీడ్ సెట్టింగ్ చేసిన’ రౌటర్ కొన్నారా? వెంటనే డీఎన్ఎస్ చూసుకోండి

గత నెల ఒక సెకండ్‌హ్యాండ్ రౌటర్ 900 రూపాయలకు కొన్నాను. "నెట్ స్పీడ్ పెరిగేలా సెట్టింగ్ చేసే ఇస్తున్నాం సార్, ప్లగ్ పెట్టుకుంటే చాలు" అన్నాడు అమ్మినతను. నేనూ అలాగే ప్లగ్ పెట్టేశాను.

నాలుగో రోజు నాన్న ఫోన్‌లో బ్యాంకు సైట్ అడ్రసు టైప్ చేశారు. ఎప్పుడూ వచ్చే పేజీ రాలేదు. 'మీ కనెక్షన్ ప్రైవేట్ కాదు' అని హెచ్చరిక. ఆయన దాన్ని పట్టించుకోకుండా 'అడ్వాన్స్‌డ్' నొక్కి, ఇంకా ముందుకు వెళ్లబోతుంటే నేను చూసి ఫోన్ లాక్కున్నాను. వైఫై ఆపి మొబైల్ డేటాలో పెడితే అదే అడ్రసు మామూలుగా తెరుచుకుంది.

బ్రౌజర్‌లో 192.168.0.1 కొట్టి రౌటర్ సెట్టింగ్‌ల పేజీ తెరిచి చూశాను. యూజర్‌నేమూ పాస్‌వర్డూ రెండూ ఇంకా 'అడ్మిన్'. డీఎన్ఎస్ దగ్గర మా నెట్ కంపెనీది కాని ఏదో నంబరు ఉంది. అమ్మినతనే పెట్టాడో, అంతకుముందే ఎవరైనా మార్చారో చెప్పలేను. ఫోన్ చేస్తే ఎత్తడం లేదు.

మనం కొట్టిన సైట్ పేరుకు ఐపీ అడ్రసు, అంటే ఆ సైట్ ఉన్న సర్వర్ నంబరు, చెప్పేది డీఎన్ఎస్. అదే అబద్ధం చెబితే పైన పేరు సరిగ్గానే కనిపిస్తుంది, మనం మాత్రం ఇంకెవరి సర్వర్‌కో వెళ్తాం. 2011లో ఎఫ్‌బీఐ పట్టుకున్న 'డీఎన్ఎస్ ఛేంజర్' ముఠా లక్షల కంప్యూటర్లలో చేసింది ఇదే.

స్పీడ్ మాటకొస్తే, మంచి డీఎన్ఎస్‌తో సైట్ తెరుచుకోవడం కొంచెం చురుగ్గా ఉంటుంది, అంతే. ప్లాన్ 40 ఎంబీపీఎస్ అయితే డౌన్‌లోడ్ 40 దాటదు. గూగుల్ 8.8.8.8, క్లౌడ్‌ఫ్లేర్ 1.1.1.1, క్వాడ్‌నైన్ 9.9.9.9 లాంటి డీఎన్ఎస్‌లు అన్నీ ఉచితమే. దీనికి ఎవరికీ రూపాయి కూడా ఇవ్వకండి.

నేను రీసెట్ రంధ్రంలో పిన్ను పెట్టి లైట్లన్నీ ఆరి వెలిగేదాకా నొక్కాను. అలా చేసే ముందు నెట్ కనెక్షన్ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ దగ్గర పెట్టుకోండి, మళ్లీ కొట్టాలి. తర్వాత ఫర్మ్‌వేర్ (రౌటర్ లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేసి, అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చి, ప్రమాదకరమైన సైట్లను అడ్డుకుంటుందని డీఎన్ఎస్ గడిలో క్వాడ్‌నైన్ పెట్టాను. రెండో గడిలోనూ దానిదే, 149.112.112.112. అక్కడ వేరే కంపెనీది పెడితే సైట్ అడ్రసు అడిగే ప్రశ్నలు కొన్నిసార్లు అటు వెళ్లిపోతాయి, ఆ రక్షణ ఉండదు.

ఆ నాలుగు రోజుల్లో ఇంట్లో లాగిన్ అయిన ప్రతి ఖాతా పాస్‌వర్డూ మొబైల్ డేటా మీదే మార్చాం. మీరూ ఇలాంటి రౌటర్ వాడుతుంటే ఈ రాత్రే తెరిచి ఆ నంబరు చూడండి.