లెగ్ డే మర్నాడు ఏది మేలు: పడుకోవడమా, నడకా, సైకిలా?

లెగ్ డే అంటే జిమ్‌లో కాళ్ళ వ్యాయామాలకి కేటాయించిన రోజు. సోమవారం స్క్వాట్లు (గుంజీళ్ళలా కూర్చుని లేవడం), లంజెస్ (ఒక కాలు ముందుకేసి మోకాళ్ళు వంచి దిగడం) గట్టిగా కొట్టినవాళ్ళకి మంగళవారం కంటే బుధవారమే ఎక్కువ నరకం. మెట్లు ఎక్కడం ఎలాగో అయిపోతుంది, దిగేటప్పుడే రెయిలింగ్ పట్టుకోవాల్సి వస్తుంది. జిమ్‌లో ఎవరినడిగినా "లాక్టిక్ యాసిడ్ పేరుకుపోయింది బ్రో, కాస్త కార్డియో చెయ్, పోతుంది" అంటారు. కార్డియో అంటే నడక, పరుగు, సైకిల్ లాంటి గుండె వేగం పెంచే వ్యాయామం. సలహా పర్వాలేదు గానీ చెప్పే కారణమే తప్పు. వర్కౌట్‌లో పెరిగిన లాక్టేట్ (లాక్టిక్ యాసిడ్ ఒంట్లో ఉండే రూపం) గంట, గంటన్నరలో మామూలు స్థాయికి వచ్చేస్తుంది. రెండో రోజుకి ముదిరే నొప్పికి కారణం వేరు: బరువు మోస్తూ కండరం సాగినప్పుడు దాని నారలకు తగిలే సూక్ష్మమైన దెబ్బలు, వాటి వెంట వచ్చే వాపు. స్క్వాట్‌లో కిందికి దిగేటప్పుడు తొడ ముందు కండరం పడే పాటు అదే.

ఇది తెలిస్తే ఏ కార్డియో ఎంచుకోవాలన్నది సగం తేలిపోయినట్టే. జాగింగ్‌లో పాదం నేలకు తాకిన ప్రతిసారీ ఒంటి బరువును ఆపడానికి తొడ కండరం మళ్ళీ సాగుతూనే పనిచేస్తుంది. అంటే నిన్న దెబ్బ తిన్నచోటే ఇవాళా వడ్డింపు. కాబట్టి దాన్ని ఈ పోటీలోంచి తీసేద్దాం.

సైకిల్‌కి ఆ ఇబ్బంది దాదాపు లేదు. పెడల్ తొక్కేటప్పుడు కండరం ముడుచుకుంటూ పనిచేస్తుంది, బరువు మీద సాగడం చాలా తక్కువ. అందుకే లెగ్ డే తర్వాత నా ఓటు దీనికే. జిమ్‌లో ఉండే స్టేషనరీ సైకిల్ మీద రెసిస్టెన్స్ (పెడల్ బిగువు) బాగా తగ్గించి 15, 20 నిమిషాలు తొక్కితే చాలు. సీటు ఎత్తు మాత్రం చూసుకోండి. పెడల్ అడుగుకి వెళ్ళినప్పుడు మోకాలు కొద్దిగానే వంగి ఉండాలి. సీటు మరీ కిందికి ఉంటే మోకాలు ఎక్కువ వంగి, పట్టేసిన తొడలు ఇంకా గోల పెడతాయి. మొదట్లో కాళ్ళు కొయ్యబారినట్టే ఉంటాయి, పోను పోను వదులవుతాయి. తొక్కుతూ పక్కవాళ్ళతో పూర్తి వాక్యాలు మాట్లాడగలిగితే వేగం సరిపోయినట్టు. ఆయాసం వస్తే అది రికవరీ కాదు, ఇంకో వర్కౌట్.

ఒక మాట ఉన్నదున్నట్టు చెప్పుకోవాలి. ఈ ఉపశమనం చాలావరకు తాత్కాలికమే. సాయంత్రానికి నొప్పి మళ్ళీ పలకరిస్తుంది. కండరం త్వరగా బాగుపడుతుందని గట్టిగా చెప్పే ఆధారాలు పెద్దగా లేవు. కాళ్ళు కదలడానికి మొరాయించకుండా రోజు గడుస్తుంది, అంతే. అది మాత్రం తక్కువా?

"కార్డియో చేస్తే కండ కరిగిపోతుంది" అని భయపడేవాళ్ళూ ఉన్నారు. ఈ భయానికి మూలం చాలావరకు 1980లో రాబర్ట్ హిక్సన్ చేసిన ప్రయోగం. పది వారాల పాటు బరువులు, కఠినమైన పరుగు, సైక్లింగ్ కలిపి చేసినవాళ్ళకి ఏడెనిమిది వారాల తర్వాత బలం పెరగడం ఆగి, చివర్లో కాస్త తగ్గింది. అక్కడ కార్డియో వారానికి ఆరు రోజులు, అదీ ఊపిరి ఆడనంతగా. తీరిగ్గా తొక్కే ఇరవై నిమిషాలకి దానితో పోలికే లేదు.

సైకిల్ అందుబాటులో లేకపోతే నడక. చదునైన నేల అయితే హాయి. వాలు దిగడం మాత్రం జాగింగ్ లాంటిదే కాబట్టి కొండ మెట్ల మొక్కులు ఇంకో వారానికి పెట్టుకోండి. ఛాతీ, భుజాల వర్కౌట్ మర్నాడైతే సైకిలే కావాలని లేదు, నడక చాలు. మే నెలలో మాత్రం ఎండ ముదరకముందే ముగించాలి.

పూర్తి విశ్రాంతిని చిన్నచూపు చూడకండి. రాత్రి నిద్ర సరిగ్గా పట్టకపోయినా, జ్వరంగా ఉన్నా, నొప్పి కండరమంతా కాక కీలు దగ్గర ఒక్కచోటే పొడుస్తున్నా, పడుకోవడమే మేలు. ఒక రోజు మానేస్తే కండ ఎక్కడికీ పోదు. కండరం బాగా ఉబ్బి, మూత్రం కోలా రంగులోకి మారితే మాత్రం నడకా వద్దు, సైకిలూ వద్దు, విశ్రాంతితో సరిపెట్టుకోవడమూ వద్దు. వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.