వెనక చక్రానికి కారు టైరా, బైకు టైరా?

అవెంజర్ లాంటి క్రూయిజర్ బైకుల వెనక రిమ్ము 15 అంగుళాలు. చాలా కార్లదీ అదే సైజు. అందుకే బైకు టైరు అరిగినప్పుడల్లా కారు టైరు వేద్దామా అన్న ఆలోచన వస్తది.

ఖర్చు: కారు టైరు గట్టిది, ఎక్కువ కిలోమీటర్లు నడుస్తది. బైకు టైరు మెత్తన, జల్దీ అరుగుతది.

బిగింపు: బైకు టైరు ఏ పంక్చర్ షాపులోనైనా ఎక్కుతది. కారు టైరు అంచు బైకు రిమ్ములో సరిగ్గా కూర్చోదు. కూర్చోబెట్టాలని గాలి ఎక్కువ కొడితే టైరు పగలొచ్చు, పక్కనున్న మెకానిక్‌కు ప్రమాదం. ఆయన ప్రాణం మన టైరు కంటే ఎక్కువ.

మలుపు: అసలు సంగతి ఇదే. బైకు టైరు గుండ్రం, బండి వంగితే అదీ సాఫీగా దొర్లుతది. కారు టైరు బల్లపరుపు, వంచితే అంచు మీద నిలబడి బండిని మళ్ళీ నిటారుగా తోస్తది. హ్యాండిల్‌ను గట్టిగా ఒత్తి పట్టాలె. నార్కట్‌పల్లి నుంచి సూర్యాపేట దాకా హైవే మీద ఇది పెద్దగా తెల్వదు. మన్ననూరు దాటి శ్రీశైలం ఘాట్‌లో, అందులో వానపడితే, ప్రతి మలుపులో తెలుస్తది.

బీమా: కారు టైరు వేస్తే క్లెయిము చిక్కుల్లో పడొచ్చు.

అమెరికాలో గోల్డ్‌వింగ్ లాంటి బరువైన బండ్లతో తిన్నటి రోడ్ల మీద వేల మైళ్ళు తిరిగేటోళ్లు కొందరు కారు టైరు వేస్తరు, అక్కడ దాని లాభం దానికుంది. మన 100, 125 సీసీ బండ్ల సన్న రిమ్ములకు అది పట్టనే పట్టదు. ఘాట్లు, మట్టిబాటలు, వెనక పిల్లలు ఉంటే బైకు టైరే వేయించండి.