కాలువ నీళ్ల పరీక్ష: రిపోర్టు మండలికా, నీటి సంఘానికా?

ధవళేశ్వరంలో కాలువలకు వదిలిన గోదావరి నీళ్లు భీమవరం వైపు వచ్చేసరికి ఊళ్ల మురుగు, చేపల చెరువుల వ్యర్థం కలుపుకుంటాయి. వాటిని పరీక్షించే యూనివర్సిటీ ముందు రెండు దారులున్నాయి. ఒకటి, రిపోర్టు కాలుష్య నియంత్రణ మండలికి పంపడం. 1974 నీటి చట్టం కింద చర్య తీసుకునే అధికారం దానిది. ఫ్యాక్టరీ మురుగైతే ఇదే సరైన దారి.

రెండోది, 1997 చట్టంతో వచ్చిన రైతుల నీటి సంఘాలతో కలిసి పనిచేయడం. నా ఓటు దీనికే. రొయ్యల చెరువు ఖాళీ చేసిన రోజు ఏ తూము దగ్గర నీళ్లు నల్లబడి నురగ తేలుతుందో కాలువ చూసుకునే లస్కరుకు తెలుసు. విద్యార్థి సీసా పట్టుకుని ఆ పూటే అక్కడుండాలి. ఉప్పుదనం ఎంతో గట్టు మీదే చెప్పాలి. నారుమడికి నీళ్లు పెట్టాలా వద్దా అన్నది రైతు అప్పటికప్పుడు తేల్చుకోవాలి కదా! కోర్టు కేసైతే మాత్రం ఆ సీసా చాలదు, మండలి అధికారి చట్టప్రకారం మళ్లీ నమూనా తీయాలి.